ఏరి పారేసిన తొమ్మిది బిళ్ళలు

రాయలసీమలోని ఒక పట్టణంలో, క్యాన్సర్ ఆసుపత్రి లేబొరేటరీలో, తన లెక్కకు లొంగని ప్రతిదాన్నీ చెత్త కింద తోసేసే హేమాద్రి అనే డాక్టరు ఉండేవాడు. మనిషి చెడ్డవాడు కాడు. ఉదయం ఎనిమిదికే వచ్చేవాడు. ఇడ్లీ నిలబడే తినేవాడు. రోగుల పేర్లు గుర్తుండేవి కావు కానీ నంబర్లన్నీ కంఠతా వచ్చేవి.

ఆయన పట్టుకున్న పని మంచిది. కాలేయంలో క్యాన్సర్ గడ్డ ఉన్నవాళ్ళు ఇద్దరు పక్కపక్క మంచాల మీద ఉంటారు. ఇద్దరిదీ ఒకే వయసు, గడ్డ కూడా ఒకే సైజు. ఇద్దరికీ ఒకటే సూదిమందు ఇస్తారు. ఒకడు ఐదేళ్ళు బతుకుతాడు, ఇంకొకడు ఐదు నెలలకే పోతాడు. ఎందుకని? ఈ ప్రశ్న హేమాద్రిని కూర్చోనిచ్చేది కాదు.

గడ్డలోని కణాల్లో వేల జన్యువులుంటాయి. కొన్ని జోరుగా పనిచేస్తుంటాయి, కొన్ని ఊరికే ఉంటాయి. ఏది ఎంత పనిచేస్తోందో కొలిచి ఆ తీరును చదివితే, జబ్బు ఎటు పోతుందో, ఏ మందుకు లొంగుతుందో ముందే చెప్పొచ్చని ఆయన నమ్మకం. అలా కొలిచి కొలిచి ఇరవై నాలుగు జన్యువులను పట్టుకున్నాడు. ఆ ఇరవై నాలుగింటి తీరుకు జన్యుముద్ర అని పేరు పెట్టాడు. గడ్డలోంచి చిన్న ముక్క ఇస్తే, ఆ ముద్రను చదివి నూటికి ఇన్ని మార్కులని వేసేవాడు. డెబ్బై దాటితే సూదిమందు పనిచేస్తుందని, దాటకపోతే చేయదని లెక్క.

లెక్క సరైనదో కాదో తేల్చాలంటే పాత రోగుల మీద వేసి చూడాలి. ఆరేళ్ళలో ఆ సూదిమందు తీసుకున్నవాళ్ళు నూట యాభై మంది ఉన్నారు. వాళ్ళ గడ్డల ముక్కలను మైనంలో పొదిగి బిళ్ళలుగా చేసి ఆసుపత్రి దాచింది. ఆ బిళ్ళలను ఉల్లిపొర కంటే పలచగా కోసి మిషన్‌కు ఇచ్చే టెక్నీషియన్ పేరు సుబ్బరత్న. ఇరవై రెండేళ్ళుగా అదే పని. బిళ్ళ మీద కత్తి ఆనగానే అది ఎలాంటిదో ఆమె చేతికి తెలిసిపోయేది.

నూట యాభై బిళ్ళలూ చదివారు. నూట ముప్పై ఆరుగురికి లెక్క సరిపోయింది. పద్నాలుగు మందికి తప్పింది. ఆ పద్నాలుగులో ఐదుగురు, మందు పనిచేయదని లెక్క చెప్పినా బాగుపడినవాళ్ళు. బాగుపడ్డవాళ్ళతో పేచీ ఏముందని హేమాద్రి ఊరుకున్నాడు. మిగిలిన తొమ్మిది మందే ఆయనకు కంట్లో నలుసయ్యారు. వాళ్ళకు మందు బ్రహ్మాండంగా పనిచేస్తుందని లెక్క చెప్పింది. తొమ్మిది మందీ ఏడాది తిరక్కుండా చనిపోయారు.

హేమాద్రి రెండు రోజులు ఆ తొమ్మిది నంబర్లనూ చూస్తూ కూర్చున్నాడు. మూడో రోజు మధ్యాహ్నం రిజిస్టర్ తెప్పించి, ఆ తొమ్మిదింటి ఎదురుగా "నమూనా చెడింది" అని రాశాడు. చెడిన నమూనాను లెక్కలోంచి తీసేయొచ్చు. అది అన్ని లేబొరేటరీల్లోనూ ఉన్న పద్ధతే. అయితే, చెడిందని కోసినవాళ్ళు సంతకం పెట్టాలి. చెడడమంటూ జరిగితే సాధారణంగా అది కోతలోనో, మైనం పోయడంలోనో జరుగుతుందని ఆ ఏర్పాటు.

"సంతకం పెట్టు రత్నమ్మా," అని రిజిస్టర్ ఆమె ముందుకు తోశాడు.

సుబ్బరత్న వరసగా చదివింది. "సార్, ఇవి చెడలేదు."

"చెడ్డాయి."

"చెడిన బిళ్ళ కత్తి కింద పొడిపొడి అయిపోతాది సార్. ఇవి తొమ్మిదీ వెన్న తెగినట్టు తెగినాయి. నాకు బాగా గుర్తుంది."

"నీ కత్తికి జన్యువుల సంగతేం తెలుసమ్మా? లోపల ఎక్కడో పాడై ఉంటుంది. లేకపోతే లెక్క ఎందుకు తప్పుతుంది?"

"లెక్కే తప్పేమో సార్."

హేమాద్రి కళ్ళజోడు తీసి ఆమెను చూశాడు. "నూట ముప్పై ఆరుగురి దగ్గర నిలబడ్డ లెక్క తొమ్మిది మంది దగ్గర తప్పుతుందా? పెట్టమ్మా. ఉత్త ఫార్మాలిటీ."

సుబ్బరత్న తొమ్మిది సంతకాలు పెట్టింది. చెడిన బిళ్ళలను ఆసుపత్రి చెత్తతో పాటు కాల్చడానికి పంపాలి. ఆ పని మాత్రం చేయలేదు. ఒక్కొక్క బిళ్ళనూ దానితో వచ్చిన చీటీలోనే చుట్టి, తొమ్మిదింటినీ ఖాళీ బిస్కెట్ డబ్బాలో పెట్టి, తన బీరువా కింది అరలోకి తోసేసింది. ఎందుకని అడిగితే చెప్పలేకపోయేది. మంచి బిళ్ళను చేతులారా కాల్చబుద్ధి కాలేదు, అంతే. చీటీల మీద ఏం రాసుందో చదవలేదు. చదవాలని తోచలేదు.

తొమ్మిదీ తీసేశాక లెక్క నూటికి తొంభై ఆరుకు చేరింది. అవి ఉంటే తొంభై ఒకటి దగ్గర ఆగేది. తొంభై ఒకటి కూడా గొప్ప లెక్కే. ఆ ఐదు మార్కుల కోసం చేసిన పని అది.

హైదరాబాదులో పెద్ద డాక్టర్ల సభలో హేమాద్రి తన జన్యుముద్ర గురించి మాట్లాడాడు. చప్పట్లు కొట్టారు. ఒక వైద్య పత్రికలో ఆయన వ్యాసం అచ్చయింది. పత్రికవాళ్ళు ఫొటో వేశారు. ఆసుపత్రిలో అప్పటి నుంచి కాలేయ క్యాన్సర్ రోగి ఎవరొచ్చినా ముందు హేమాద్రి మార్కు చూశాకే మందు నిర్ణయించసాగారు.

ఆ ఏడు ఫిబ్రవరిలో ఒక రోజు సుబ్బరత్న వాళ్ళ అన్న కుళ్ళాయప్ప, తన భార్యను వెంటబెట్టుకొని ఆసుపత్రికి వచ్చాడు. యాభై నాలుగేళ్ళ మనిషి. ఊరు పాపసానిపల్లె. ఊరి పక్క వేరుశనగ మిల్లులో గింజలు ఏరే ఆడవాళ్ళ మీద మేస్త్రీ. బండి మీద వచ్చిన మూటలోంచి పిడికెడు తీసి చూసి, సరుకు ఏ రకమో చెప్పేసేవాడు. ఆయన మాట మీదే మిల్లులో ధర కట్టేవాళ్ళు. నాలుగు నెలలుగా కుడి డొక్కలో బరువు, ఆకలి లేదు. స్కానింగ్‌లో కాలేయంలో గడ్డ కనిపించింది.

సూదితో ముక్క తీయించుకొని, లేబొరేటరీ బయట బెంచీ మీద కూర్చున్నాడు. ఒళ్ళో గుడ్డసంచి. అందులో చెల్లెలి కోసం తెచ్చిన వేరుశనగ కాయలు. ఊరికే కూర్చోలేక వాటిని వలిచి ఏరుతున్నాడు. నిండు గింజలు సంచిలోకి పోతున్నాయి. ముడతపడ్డవీ నల్లబడ్డవీ నోట్లోకి పోతున్నాయి.

"ఏమన్నా అది? ఆ బూజు గింజలు తింటాండావే!" అంది సుబ్బరత్న.

"పారేయబుద్ధి కాదమ్మే. ముప్పై ఏండ్లుగా ఇవే తింటాండా. మంచివి మిల్లుకు, ఏరేసిన గిజరలు మనకు."

"ఆయన కడుపు గోడౌనమ్మా," అంది పక్కనున్న భార్య గంగులమ్మ. "ఏరేసినదంతా దాంట్లోకే. చేదుగా ఉంటే బెల్లం నంజుకుంటాడు."

అటుగా పోతున్న హేమాద్రి ఆ మాటలు విన్నాడు. నవ్వి లోపలికి వెళ్ళిపోయాడు.

కుళ్ళాయప్పకు వైద్యం చేసే డాక్టరు షమీమ్. తక్కువ మాట్లాడే మనిషి. ఆమె ముందు రెండు దారులున్నాయి. ఒకటి, తొడ దగ్గర రక్తనాళంలోంచి సన్నటి గొట్టం పంపి, మందును నేరుగా గడ్డలోకే వదిలి, గడ్డకు రక్తం అందకుండా చేయడం. కాలేయంలో ఇంకా సత్తువ ఉన్నప్పుడే ఆ పని చేయాలి. ఆలస్యమైతే కాలేయం తట్టుకోదు. రెండోది, మూడు వారాలకొకసారి చేతికి ఎక్కించే సూదిమందు. అది పనిచేస్తే ఒళ్ళంతా కాస్తుంది. పనిచేయకపోతే, ఆ సంగతి తేలేదాకా పోయే మూడు నెలలూ గడ్డకు దానం చేసినట్టే.

కుళ్ళాయప్ప మార్కు ఎనభై ఎనిమిది వచ్చింది.

షమీమ్ కాగితం పట్టుకొని హేమాద్రి గదికి వచ్చింది. "నాకైతే ముందు గొట్టం దారే మంచిదనిపిస్తోంది. గడ్డ ఒకటే ఉంది, కాలేయం బాగుంది. మీ లెక్క మాత్రం సూదిమందు అంటోంది."

"ఎనభై ఎనిమిది! అంతకంటే ఏం కావాలి మేడమ్?"

"ఒక్క మాట సూటిగా అడుగుతాను. మందు పనిచేస్తుందని మీ లెక్క గట్టిగా చెప్పాక, పనిచేయకుండా పోయినవాళ్ళు ఒక్కరైనా ఉన్నారా?"

చెడిన నమూనాలను వదిలేస్తే లేరని హేమాద్రి అనాల్సింది. అదీ అబద్ధమే కానీ, కనీసం షమీమ్ తర్వాతి ప్రశ్న అడిగి ఉండేది. ఆయన ముందు సగం మింగేసి వెనక సగమే చెప్పాడు.

"లేరు," అన్నాడు.

సుబ్బరత్న మిషన్ దగ్గర ఆ మాట విన్నది. షమీమ్ వెళ్ళాక గదిలోకి వచ్చి నిలబడింది. "సార్, ఆ తొమ్మిదింటి సంగతి ఒకసారి మేడమ్‌తో చెప్పకూడదా?"

"ఏ తొమ్మిది?"

"మీకు తెలుసు సార్."

"చెడిన నమూనాల గురించి ఎవరికైనా ఏం చెబుతాం? చెడ్డాయని సంతకం పెట్టింది నువ్వే కదమ్మా."

సుబ్బరత్న మళ్ళీ మిషన్ దగ్గరికి వెళ్ళిపోయింది. ఎవరి సంతకం వాళ్ళ గొంతుకే అడ్డం పడితే మాట ఎక్కడి నుంచి వస్తుంది? పైగా ఆమె మనసులో ఒక మూల ఆశ కూడా ఉంది. ఎనభై ఎనిమిదంటే మంచి మార్కు. అన్నకు కోత లేకుండా, గొట్టం లేకుండా బాగైపోతుందేమో. ఆ ఆశ ఆమె నోటికి ఇంకో తాళం వేసింది.

మొదటి సూదిమందు రోజున హేమాద్రే స్వయంగా వార్డుకు వచ్చాడు. కుళ్ళాయప్ప లేచి కూర్చోబోయాడు.

"పడుకో, పడుకో. నీది మంచి కేసయ్యా."

"విత్తనం ఏసే కాలానికి లేస్తానా సామీ? మూడెకరాలుంది. ఈసారి విత్తనానికి గింజ నేనే ఏరి పెట్టుకున్యా. మా గంగులు ఏస్తే సాళ్ళు పాములు పోయినట్టు పోతాయి."

"ఆహా, నీ సాళ్ళు చూసి ఊరంతా నేర్చుకుండారులే!" అంది గంగులమ్మ.

హేమాద్రి నవ్వాడు. "లేస్తావు. జూన్‌లో నువ్వే విత్తుతావు."

నాలుగు సూదిమందులు పడ్డాయి. మొదటి నెలలో కుళ్ళాయప్ప బాగానే ఉన్నాననుకున్నాడు. రెండో నెలలో పంచె వదులైంది. మూడో నెలలో కళ్ళు పచ్చబడ్డాయి. పన్నెండో వారం స్కానింగ్ తీస్తే గడ్డ రెండింతలయింది. కాలేయానికి రక్తం తెచ్చే పెద్ద నాళంలోకి కూడా పాకింది.

"ఇప్పుడు గొట్టం పంపలేం," అంది షమీమ్. "కాలేయం తట్టుకోదు. ఫిబ్రవరిలో అయితే తట్టుకునేది."

మర్నాడు హేమాద్రి లేబొరేటరీకి వచ్చి అలవాటు ప్రకారం రిజిస్టర్ తీశాడు. కుళ్ళాయప్ప నంబరు ఎదురుగా "నమూనా చెడింది" అని రాసి, తల ఎత్తకుండానే సుబ్బరత్న ముందుకు తోశాడు.

సుబ్బరత్న పెన్ను తీసుకోలేదు.

"ఇది చెడలేదు సార్. ఇది మా అన్న."

హేమాద్రి తల ఎత్తాడు.

ఆమె బీరువా కింది అరలోంచి బిస్కెట్ డబ్బా తెచ్చి టేబుల్ మీద పెట్టింది. మూత బిగుసుకుపోయి ఉంటే చెంచా కాడతో ఎత్తి తెరిచింది. "తొమ్మిది. కాల్చలేదు. కావాలంటే ఇప్పుడే, మీ కళ్ళ ముందే కోస్తాను. పొడి అయితే సంతకం పెడతాను. ఉద్యోగం కూడా వదిలేస్తాను."

ఒక బిళ్ళను కత్తి కింద పెట్టి కోసింది. ముక్క రిబ్బనులాగా చుట్టుకుంటూ వచ్చింది. రెండోదీ అంతే. మూడోది కోస్తుండగా హేమాద్రి "చాలు" అన్నాడు. ఆయన కళ్ళు బిళ్ళల మీద లేవు. బిళ్ళలకు చుట్టిన చీటీల మీద ఉన్నాయి. ఆయన ఎప్పుడూ నంబర్లే చూశాడు. చీటీల మీద పేరు, వయసు, ఊరు, పని రాసి ఉన్నాయి.

గుండ్లచెలిమ, వేరుశనగ రైతు. ఎర్రమిట్ట, మిల్లు కూలీ. పాపసానిపల్లె, గింజలు ఏరే పని. మళ్ళీ ఎర్రమిట్ట. ఒకదాని తర్వాత ఒకటి విప్పాడు. తొమ్మిదింటిలో ఏడు ఆ చుట్టుపక్కల వేరుశనగ పల్లెలవే. రెండు మాత్రం వేరే చోట్లవి, వాటికి కారణం ఈ రోజుకీ తెలియదు. నూట యాభై మందిలో ఆ పల్లెల నుంచి వచ్చినవాళ్ళు మొత్తం ఎంతమందని రిజిస్టర్ తిరగేశాడు. పదకొండు మంది. పదకొండు మందిలో ఏడుగురికి లెక్క తప్పింది.

"బూజు గింజలు," అన్నాడు హేమాద్రి మెల్లగా.

బూజు పట్టిన వేరుశనగలో ఒక విషం చేరుతుందనీ, ఏళ్ళ తరబడి తింటే అది కాలేయాన్ని దెబ్బతీస్తుందనీ వైద్యం చదివినవాళ్ళందరికీ తెలుసు. హేమాద్రికీ తెలుసు. అలాంటి గడ్డల తీరు వేరుగా ఉండొచ్చని, తన ఇరవై నాలుగు జన్యువులు దాన్ని చదవలేకపోయి ఉండొచ్చని ఆయనకు అప్పుడు తోచింది. ఆ మాట చెప్పడానికి తొమ్మిది మంది వరసగా వచ్చి నిలబడ్డారు. ఆయన వాళ్ళను చెత్తన్నాడు. పదోవాడు బెంచీ మీద కూర్చొని ఆ గింజలే నములుతూ కనిపించినా నవ్వి వెళ్ళిపోయాడు.

ముందు షమీమ్ దగ్గరికి వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పాడు.

"నేను అడిగాను," అంది షమీమ్. "మిమ్మల్ని సూటిగా అడిగాను హేమాద్రిగారూ."

"అడిగారు."

"అప్పుడే చెప్పి ఉంటే గొట్టం పంపేదాన్ని. ఆయన బతికేవాడని చెప్పను. ఒక అవకాశం మాత్రం ఉండేది." కుర్చీ వెనక్కి జరిపి లేచింది. "ఇది నాకు కాదు, ఆయనకు చెప్పండి."

హేమాద్రి వార్డుకు వెళ్ళాడు. వెనక సుబ్బరత్న కూడా వెళ్ళింది. కుళ్ళాయప్ప దిండుకు ఆనుకొని ఉన్నాడు. పొట్ట ఉబ్బింది, చేతులు పుల్లలయ్యాయి. హేమాద్రి స్టూలు మీద కూర్చొని మొత్తం చెప్పాడు. తొమ్మిది మంది సంగతీ చెప్పాడు, షమీమ్‌తో ఆడిన అబద్ధమూ చెప్పాడు.

కుళ్ళాయప్ప అంతా విన్నాడు. "ఏరేసినవి తొమ్మిదినీ చూడకనే పారేస్తివా సామీ?"

"పారేశాను."

"మా మిల్లులో అట్లా చేసినోన్ని మర్నాడే పనిలోంచి తీసేస్తారు." ఆయాసానికి ఆగాడు. "మూట వచ్చిందనుకో. ఆడోళ్ళు ఏరతారు. మంచి గింజ సంగతి నాకెందుకు? ఏరేసిన కుప్ప కాడికి పోతా. దోసిట్లో పట్టుకొని చూస్తా. పుచ్చు ఉంటే పురుగు. ముడత ఉంటే వాన లేక. నల్లగా ఉంటే కాయ తడిగా ఉన్నప్పుడే మూట కట్టినారు. చేనుకు ఏమయిందో ఆ కుప్పే చెబుతాది. ముప్పై ఏండ్లు నేను కూడు తిన్యది ఆ కుప్పను చూసే."

"మరి నువ్వు?" అని కుళ్ళాయప్ప చెల్లెలి వైపు తిరిగాడు. "చెడినాయని సంతకం పెట్టింది ఎవరమ్మే?"

"నేనే అన్నా."

"చెడలేదని నీకు తెలుసునా?"

"తెలుసు."

కుళ్ళాయప్ప ముఖం గోడ వైపు తిప్పుకున్నాడు. వార్డులో ఎవరో ట్రాన్సిస్టర్‌లో పాటలు పెట్టుకున్నారు. ఒక పాట పూర్తయి ఇంకో పాట మొదలైంది. అప్పుడు ఇటు తిరిగాడు.

"మంచినీళ్ళు తాపు," అన్నాడు. "ఆ డబ్బా పారేయొద్దు."

క్షమించాననీ అనలేదు, క్షమించననీ అనలేదు. ఆ తర్వాత పదకొండు రోజులు బతికాడు. హేమాద్రి రోజూ ఉదయం వచ్చి ఆ స్టూలు మీద కూర్చునేవాడు. కుళ్ళాయప్ప ఒకరోజు మాట్లాడేవాడు, ఒకరోజు కళ్ళు మూసుకునేవాడు. జూన్ మొదటి వారంలో పోయాడు. ఆ నెలలోనే వాన పడింది. ఆయన ఏరి పెట్టిన విత్తనాన్ని గంగులమ్మ విత్తింది. సాళ్ళు వంకర పోయాయి. వాటిని చూసి ఎగతాళి చేసేవాళ్ళు లేరు.

హేమాద్రి తన వ్యాసం వేసిన వైద్య పత్రికకు ఉత్తరం రాసి, తొమ్మిది మందినీ లెక్కలో కలిపి అచ్చు వేయించాడు. తొంభై ఆరు తొంభై ఒకటయింది. సభల్లో చప్పట్లు తగ్గాయి. జన్యుముద్ర పనికిరాకుండా పోలేదు, చాలామందికి ఈ రోజుకీ సరైన దారే చూపుతోంది. అయితే ఇప్పుడు ప్రతి మార్కు కింద ఇంకో రెండు వాక్యాలు ఉంటాయి. ఈ లెక్క ఎవరి దగ్గర తప్పిందో, ఎన్నిసార్లు తప్పిందో ఆ వాక్యాలు చెబుతాయి. కిందటేడు ఎర్రమిట్ట నుంచి ఒకామె వచ్చింది. మార్కు ఎనభై నాలుగు. షమీమ్ ఆ రెండు వాక్యాలు చదివి సూదిమందు పక్కన పెట్టి గొట్టం దారి పట్టింది. ఆ ఎర్రమిట్ట ఆమె ఇప్పటికీ మూడు నెలలకోసారి చూపించుకోవడానికి వస్తోంది.

సుబ్బరత్న అదే బల్ల దగ్గర బిళ్ళలు కోస్తోంది. తన చేతికి తెలియనిదాని మీద సంతకం పెట్టదు. ఎవరైనా "ఉత్త ఫార్మాలిటీ" అంటే పెన్ను మూత పెట్టేస్తుంది.

బిస్కెట్ డబ్బా హేమాద్రి టేబుల్ మీద ఉంది. అందులో ఇప్పుడు పది బిళ్ళలున్నాయి. కొత్తగా చేరిన డాక్టర్లు అదేమిటని అడుగుతారు. ఆయన మూత తీసి పదో బిళ్ళ చీటీ చేతికిస్తాడు. "నంబరు కాదు, పేరు చదవండి," అంటాడు. వాళ్ళు చదువుతారు. ఒకసారి ఒక అమ్మాయి అడిగింది, "ఈయనకు ఏ మందు ఇచ్చుంటే బతికేవారు సార్?"

"తెలియదు," అన్నాడు హేమాద్రి. "తెలుసుకునే వీలు నేనే పోగొట్టాను."

నీతి: మన లెక్కకు సరిపడనిదాన్ని చెడిందని పక్కకు తోసేయకూడదు, తోసేసినవాడికి తల ఊపి సంతకమూ పెట్టకూడదు. లెక్క ఎక్కడ తప్పిందో చెప్పేది అదే కనుక, ముందుగా దాన్నే చేతిలోకి తీసుకొని చూడాలి. ఆ చూపు ఆలస్యమైతే, తప్పు చేసింది మనమైనా దానికి ప్రాణం పోగొట్టుకునేది మనల్ని నమ్మినవాడు.